ముత్యాలు దేని మీంచి పడ్డట్టు?

ముత్యాలు పడ్డ రోజున నిచ్చెన పట్టుకున్నవాణ్ణి నేనే. అందుకే ఊళ్ళో ఎవరికి అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. చెట్టు మీంచి పడ్డాడాండీ, నిచ్చెన మీంచి పడ్డాడాండీ అని. పట్టుకున్నవాడికి తెలియకపోవడం ఏమిటని వాళ్ళ ఉద్దేశం. పట్టుకున్నమాట నిజమే. తెలిసిందా అంటే మాత్రం ఆ రోజూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ గట్టిగా చెప్పలేను.

ముత్యాలుకి యాభై ఏడేళ్ళు. మూడో తరగతి దాకా నా దగ్గరే చదివాడు. అంతకు మించి చదవలేదు. వాళ్ళ నాన్న అప్పలరాజు కొబ్బరి దింపు తీసేవాడు. మలికిపురం నుంచి అప్పనపల్లి దాకా రోడ్డుకి రెండు వైపులా ఉన్న తోటల్లో ఆయన ఎక్కని చెట్టు లేదనేవారు. కొడుకూ అదే పనిలోకి వెళ్ళాడు. రెండు పాదాలకూ కలిపి పీచుతాడు బంధం వేసుకుని, నడుము వెనక కత్తి దోపుకుని, చేతులతో మాను కౌగిలించుకుని, రెండు పాదాలూ ఒక్కసారే పైకి లాగి మానుకి అదిమి, మళ్ళీ చేతులు పైకి. రోజుకి నలభై చెట్లు. ఒక్కోసారి యాభై. కప్ప ఈదుతున్నట్టుండేది కింద నుంచి చూస్తే. ఈత కిందికి కాకుండా ఆకాశంలోకి.

మధ్యలో రెండేళ్ళు మస్కట్ వెళ్ళాడు. అక్కడ ఖర్జూరం చెట్లు. ఎక్కి మట్టలు నరకడం, గెలలు కట్టడం. నడుముకి బెల్టు పెట్టుకుంటే గానీ చెట్టు ముట్టుకోనిచ్చేవారు కాదట. తిరిగొచ్చాక ఆ బెల్టు గురించి నాకు చెప్పాడు.

"బాగానే ఉంటుందండి, కాదన్ను. కానీ చెట్టుకి మన మీద ఏటనిపిస్తుందండీ? ఈడికి నా మీద నమ్మకం లేదు, తాడేసుకుని వచ్చేడు అనుకోదూ?"

"చెట్టు అనుకుంటుందా ముత్యాలూ?"

"అనుకోకపోతే మరి ఇన్నేళ్ళు నన్నెందుకు మోసిందండీ?"

దానికి జవాబు నేను చదివిన వాటిల్లో ఎక్కడా లేదు.

వాళ్ళ జట్టులో తొమ్మిది మంది. మేస్త్రి త్రిమూర్తులు. తోటల వాళ్ళతో మాట్లాడ్డం, మనుషుల్ని పంపడం, దింపిన కాయ మలికిపురంలోని తన కొట్టుకి చేర్పించి ఒలిపించడం ఆయన పని. ఆ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. చెట్టు మీంచి పడ్డవాడు మళ్ళీ చెట్టెక్కకూడదు. డాబా మీంచి పడ్డా, సైకిలు మీంచి పడ్డా, కాలవ గట్టు మీంచి జారినా అది లెక్కలోకి రాదు. కట్టు విప్పాక మళ్ళీ ఎక్కొచ్చు. చెట్టు మీంచి పడితే మాత్రం ఇంక కిందే. కొట్టులో కూచుని నేలలో పాతిన గునపం మీద కాయ ఒలవడమే. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో వాళ్ళకీ తెలియదు. తాతల నాటిది అంటారు.

ఇరవయ్యేళ్ళ కిందట యాకోబు అనే అతను ఒక కుర్ర చెట్టు ఎక్కబోయి నాలుగడుగుల ఎత్తు నుంచి జారి కింద పడ్డాడు. పడ్డాడనడానికి కూడా లేదు. నిలువునా వచ్చి కాళ్ళ మీదే నిలబడ్డాడు. తనే నవ్వాడు. దెబ్బా లేదు, గీతా లేదు. జట్టులో సగం మంది పోనీలే అన్నారు. ముత్యాలు ఒప్పుకోలేదు. "నాలుగడుగులైనా చెట్టు చెట్టే. ఇయ్యాళ నాలుగడుగులన్నామంటే రేపు పదడుగులంటాం" అన్నాడు. ఆ మాట మీదే యాకోబు దిగిపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై రెండేళ్ళు. అప్పటినుంచీ కొట్టులో కాయ ఒలుస్తూనే ఉన్నాడు. ముత్యాలుని చూస్తే "రా బావా" అంటాడు గానీ ఆ పిలుపులో ఏముందో ఎవరూ కనిపెట్టలేకపోయారు.

ఇది తెలియకపోతే ఆ తరువాత జరిగింది అర్థం కాదని ముందుగా చెప్పాను.

మా ఊళ్ళో ఒక పఠన మందిరం ఉంది. రెండు గదులు, పైన రేకులు. ఉద్యోగం అయిపోయాక పొద్దుటిపూట దాన్ని తెరిచి కూచోవడం నా పని. వెనకాల నేరేడు చెట్టు. దాని కొమ్మలు కరెంటు తీగల మీదికి వాలాయని లైన్‌మన్ రెండుసార్లు వచ్చి చెప్పాడు. గాలులు మొదలవకముందే కొట్టించెయ్యండి, నేను పదింటి నుంచి పన్నెండు దాకా కరెంటు ఆపుతాను అన్నాడు. అది జూన్ నెల.

మందిరం అధ్యక్షులు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ముత్యాలుకి కబురుపెట్టారు. ముత్యాలు వచ్చి, లుంగీ ఎగదోపి, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి మాను మీద చెయ్యి వేశాడు. రావు గారు ఒప్పుకోలేదు.

"ఆగు. ఈ ఆవరణలో ఎవరూ ఒట్టి కాళ్ళతో చెట్టెక్కడానికి వీల్లేదు. నిచ్చెన తెప్పించేను. అల్యూమినియంది, కొత్తది. దాని మీంచే కొట్టు."

"నిచ్చెన నాకు అలవాటు లేదండి బాబుగారూ."

"చెట్టెక్కేవాడివి, నిచ్చెనెక్కలేవా?"

"చెట్టైతే అది నన్ను పట్టుకుంటుందండి. నిచ్చెనైతే నేనే దాన్ని పట్టుకోవాలి."

రావు గారు నవ్వారు. నేనూ నవ్వాను. మనిషికి ఏమీ కాకూడదనే ఆయన నిచ్చెన కొన్నారు. ఆ సంగతి మాత్రం నేను ఎక్కడైనా చెబుతాను.

నిచ్చెనని మాను మీదికి వాల్చారు. రావు గారికి ఎవరో ఫోన్ చేస్తే, "మేష్టారూ, కాస్త పట్టుకుని ఉండండి, వచ్చేస్తాను" అని అవతలికి వెళ్ళారు. నేను రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని నించున్నాను. ముత్యాలు ఎక్కాడు. మెట్టుకో కాలు, మెట్టుకో కాలు, కొత్తగా నడక నేర్చుకున్నవాడిలాగ. పైన కత్తి చప్పుడు మొదలైంది. కొమ్మలు ఒక్కొక్కటే పడుతున్నాయి. కాసేపటికి ఎర్ర చీమలు నా మెడ మీదా, చొక్కాలోనూ పడ్డాయి. కళ్ళల్లో పొట్టు పడుతోంది. నేను తల దించుకుని నా చెప్పుల వంక చూస్తూ నించున్నాను.

తరవాత ఒక అరుపు. చెట్టు చుట్టూ కట్టిన సిమెంటు గట్టు మీద ముత్యాలు మడమలు తగిలిన చప్పుడు. అలాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. పక్కకి ఒరిగిపోయి, మోకాలు గుండెలకి లాక్కుని, "అమ్మా" అనలేదు, "ఏటైంది?" అన్నాడు. మూడుసార్లు అదే అడిగాడు. నన్ను చూసి, "ఏటైందండీ మేష్టారూ?" అన్నాడు.

నేను ఇంకా నిచ్చెన పట్టుకునే ఉన్నాను. నిచ్చెన ఉన్నచోటే ఉంది.

అమలాపురంలో ఎక్స్‌రే తీశారు. ఎడమ మడమ ఎముక నలిగింది, కుడిది చిట్లింది అన్నారు. రెండు కాళ్ళకీ పిండికట్లు. ఖర్చంతా రావు గారే పెట్టుకున్నారు. ఎవరూ అడగకముందే పెట్టుకున్నారు. కట్లు విప్పాక నడవొచ్చనీ, ఎక్కడం దిగడం సంగతి నెమ్మదిగా చూసుకోమనీ డాక్టరు చెప్పాడు.

ఊళ్ళో ప్రశ్న మాత్రం మరునాడే మొదలైంది. నిచ్చెన మీంచి పడితే ముత్యాలు మళ్ళీ చెట్టెక్కొచ్చు. చెట్టు మీంచి పడితే ఇంక లేదు.

మా మందిరం వెనక సందులో, నేరేడు చెట్టుకి ఎదురుగా, భవానీదేవి అనే ఆవిడకి టిఫిన్ కొట్టు ఉంది. ఆవిడ అట్టు తిరగేస్తూ చూశానంది. "కాళ్ళు రెండూ గాల్లో ఉన్నాయండి. నేను చూసేటప్పటికే గాల్లో ఉన్నాయి" అంది.

అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు. "పడేవాడి కాళ్ళు గాల్లో కాకపోతే ఎక్కడుంటాయమ్మా?" అన్నారు. ఆవిడకి కోపం వచ్చి పెసరట్టు మాడ్చింది.

మూడు వారాలు పోయాక నేను చూడ్డానికి వెళ్ళాను. ముత్యాలు వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. రెండు కాళ్ళూ దిండ్ల మీద. గుమ్మం ముందే వాళ్ళ కొబ్బరి చెట్టు ఒకటుంది. దాని మొవ్వు వంక చూస్తున్నాడు.

"నీకేమైనా గుర్తుందా?" అని అడిగాను.

"కత్తి ఎత్తేనండి. తరవాత మిమ్మల్ని చూసేను. మధ్యలోది లేదండి. ఎంత వెతికినా లేదు." దిండు సర్దుకుని అన్నాడు. "నిచ్చెన జారిందని చెప్పమని మిమ్మల్ని అడగనండి. మీరు ఏది చూస్తే అదే చెప్పండి."

"అలాగే."

"కానీ జారింది కదండీ?"

 అతను నా మొహం చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"నాకు చెట్టు మీంచి పడ్డం రాదండి మేష్టారూ" అన్నాడు. ఏదో పని చేతకాదని ఒప్పుకున్నట్టుగా అన్నాడు.

ఆ వారంలోనే అతని భార్య సూర్యావతి పఠన మందిరానికి వచ్చింది. పేపరు చదివే ఇద్దరూ వెళ్ళేదాకా గుమ్మం పక్కన నించుని, అప్పుడు లోపలికి వచ్చింది.

"చెట్టు మీంచే పడ్డాడని చెప్పండి మేష్టారండీ. మీకు పుణ్యముంటుంది."

"నేను చూడలేదమ్మా."

"చూడలేదు కదండీ, అంచేతే అడుగుతున్నాను. చూసి అబద్ధమాడమంటే తప్పు గానీ, చూడనిది ఏదైతే ఏటండీ?"

నాకు నవ్వు వచ్చింది. ఆమెకి రాలేదు.

"ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ ఆయన దింపుకెళ్ళిన రోజు నేను పగలు అన్నం తినలేదండి. ఆయనకి తెలీదు. తిన్నాననుకుంటారు. పడితే ఎలాగా అని కాదండి, తింటూ ఉండగా కబురొస్తే ఎలాగా అని. ఇప్పుడు కబురొచ్చేసింది. మనిషి మిగిలేడు. మళ్ళీ మొదలెట్టలేనండి నేను."

"ముత్యాలుతో చెప్పలేకపోయావా?"

"ఆయన చెట్టు మాటైతే వింటారు గానీ నా మాట వింటారేంటండీ?" అని కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే రావు గారు వచ్చి, "ఏది చెప్పినా నాకు ఫర్వాలేదు మేష్టారూ, మొహమాటపడకండి. నిచ్చెనదే తప్పంటే నాదే తప్పు. పాపం, మళ్ళీ పనిలోకి వెళ్తాడు" అన్నారు.

ఒకరికి చెట్టు కావాలి, ఒకరికి నిచ్చెన కావాలి. నా దగ్గర రెండూ లేవు. నా దగ్గర ఉన్నదల్లా నా అరచేతుల్లో మిగిలిన ఒక సంగతి. అరుపు వినపడినప్పుడు నిచ్చెన ఊగలేదు, జారలేదు, అదరలేదు. తేలికైపోయింది. బరువుగా ఉన్న బిందె నీళ్ళు వొలికిపోతే చేతికి తెలుస్తుందే, అలా. కానీ ఆ తేలిక అరుపుకి ముందు వచ్చిందా, తరవాత వచ్చిందా? రాత్రిళ్ళు పుస్తకం తెరిచి, చదవకుండా, మంచం పట్టె పట్టుకుని చూసుకునేవాణ్ణి. ముందే అనిపించేది. ముందే అయితే అతను నిచ్చెన వదిలి కొమ్మ మీదికి అడుగు వేసినట్టు. అంటే చెట్టు. మళ్ళీ అనుకునేవాణ్ణి, డెబ్భై నాలుగేళ్ళవాడి అరచేతుల్ని నమ్మి ఒక మనిషి పని తీసెయ్యొచ్చునా అని.

కొమ్మలు చూస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. కొట్టినవి నున్నగా ఉంటాయి, మనిషి బరువుకి విరిగినదైతే చీలి ఉంటుంది. నేరేడు కొమ్మ పచ్చిదైనా పుటుక్కున విరుగుతుంది. కొబ్బరి మట్టతో అలవాటైనవాడు పచ్చగా ఉంటే చాలు మోస్తుందనుకుంటాడు. వెనక్కి వెళ్ళి చూస్తే కొమ్మల కుప్ప సగమే ఉంది. మిగతా సగం భవానీదేవి పొయ్యిలోకి వెళ్ళింది. ఉన్నవాటిలో చీలినవి నాలుగు కనపడ్డాయి. కొట్టిన కొమ్మ కూడా చివరికి తన బరువుకి చీలే పడుతుందని లైన్‌మన్ చెప్పాడు. వచ్చి కూచున్నాను.

వినాయక చవితి వెళ్ళిన వారానికి త్రిమూర్తులు కొట్టులో జట్టంతా కూడింది. కట్లు విప్పి అప్పటికి నెలైంది. ముత్యాలు కర్ర లేకుండానే వచ్చాడు గానీ, అడుగు వేసేముందు నేల వంక చూస్తున్నాడు. సూర్యావతి గుమ్మం అవతల ఒలిచిన కొబ్బరి డొక్కల కుప్ప దగ్గర నించుంది. నాకు కుర్చీ వేశారు. మిగతా వాళ్ళు గోనె పట్టాల మీద కూచున్నారు. యాకోబు మాత్రం తన గునపం దగ్గరే, మూలగా. చేతిలో కాయ ఉంది. ఒలవడం ఆపలేదు.

త్రిమూర్తులు నన్ను అడిగాడు. "మేష్టారండీ, మీరు చదువుకున్నోరు. ఉన్నదున్నట్టు చెప్పండి."

నేను ఉన్నది చెప్పాను. తల దించుకున్నానని చెప్పాను, చీమల సంగతి చెప్పాను, నిచ్చెన తేలికైందని చెప్పాను. ముందో వెనకో తెలియదనీ చెప్పాను.

"తేలికైందంటే దిగిపోయేడన్నట్టే" అన్నాడు ఒకడు.

"దిగడం ఏట్రా, ఎక్కేడు. కొమ్మ మీదికి."

"కొమ్మ మీద ఒక కాలు, నిచ్చెన మీద ఒక కాలు ఉంటే?"

"బరువు ఏ కాలు మీదుంటే అదే లెక్క."

"బరువు తూచడానికి నువ్వెళ్ళేవేంటి కాటా పట్టుకుని?"

"అసలు నేరేడు మన చెట్టా? మనది కొబ్బరి."

త్రిమూర్తులు చెయ్యెత్తాడు. "తాతలు చెట్టన్నారు గానీ కొబ్బరి చెట్టనలేదురా. నేరేడైనా చెట్టే." ముత్యాలు వైపు తిరిగి, "బావా, నువ్వెప్పుడూ కొమ్మ మీదికెళ్ళేటప్పుడు ముందు ఏ కాలేస్తావు?" అని అడిగాడు.

ముత్యాలు "తెలీదు" అన్నాడు.

"ఎడం మడమే కదా ఎక్కువ నలిగింది. ఏ కాలు ముందేస్తాడో తెలిస్తే ఏ కాలు మీద పడ్డాడో తెలుస్తాది" అన్నాడు ఇంకొకడు. అందులో న్యాయం ఏముందో నాకు అర్థం కాలేదు గానీ అందరూ అవునవునన్నారు. కొట్టులో ఉన్న వెదురు నిచ్చెన తెచ్చి దూలానికి వాల్చారు. రెండే మెట్లెక్కి, పక్కనున్న అడ్డవాసాన్ని కొమ్మనుకుని అటు వెళ్ళినట్టు చూపించమన్నారు. ఇద్దరు కింద చేతులు చాపి నించున్నారు. సూర్యావతి "వద్దండీ బాబూ" అంటూ లోపలికి వచ్చేసింది.

ముత్యాలు మెల్లిగా ఒక మెట్టు, ఇంకో మెట్టు ఎక్కాడు. ఎడం చెయ్యి వాసం మీద వేశాడు. కుడి చేతిలో కత్తి ఉన్నట్టు గుప్పిట బిగించాడు. ఒక్క క్షణం అలా నించున్నాడు. కళ్ళు పైకి తిప్పాడు. తను ఏం చేస్తున్నాడో అతనికి తెలియదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. రెండు మోకాళ్ళూ కలిసి మడత పడ్డాయి. రెండు పాదాలూ ఒక్కసారే మెట్టు వదిలి పైకి లేచాయి. కప్పలాగ. మధ్యలో మాను ఉన్నట్టూ, పాదాలకి బంధం ఉన్నట్టూ.

కింద నించున్నవాళ్ళు నడుము పట్టేసుకున్నారు.

 మూలన యాకోబు ఒలవడం ఆగింది.

"ఓర్నాయనో" అన్నాడు త్రిమూర్తులు. "రెండు కాళ్ళూ ఎత్తేసేడు."

నలభయ్యేళ్ళు రెండు కాళ్ళూ కలిపే నడిపించినవాడికి, ఎత్తుకి వెళ్ళి చెయ్యి పైకి చాపగానే కాళ్ళు వాటంతటవే కలిసి లేచాయి. నిచ్చెన వదిలేశాయి. పట్టుకోవడానికి పాదాల మధ్య ఏమీ లేదు. భవానీదేవి చూసింది అదే. నా అరచేతులకి తెలిసింది అదే. అరుపుకి ముందే తేలికైంది. ఇంతకాలం నేను వెతుక్కున్నది దొరికింది. దొరికాక ఇంకా తికమకపడ్డాను.

ఎందుకంటే వెంటనే మళ్ళీ మొదలైంది.

"అయితే నిచ్చెన మీద లేడు."

"చెట్టు మీదా లేడు కదరా."

"మరి దేని మీంచి పడ్డట్టు?"

"గాల్లోంచి."

"గాల్లోంచి పడితే ఎక్కొచ్చా, ఎక్కకూడదా?"

 త్రిమూర్తులు తల గోక్కున్నాడు. తాతలు గాలి సంగతి చెప్పలేదన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మిగతా వాళ్ళ మొహాలు తేటపడ్డాయి. పోనీలెండి, ఎక్కనిద్దాం, చెట్టు మీంచి పడలేదు కదా అనే మాట కొట్టులో ఆ చివర నుంచి ఈ చివరకి వస్తోంది. త్రిమూర్తులు కూడా అటే మొగ్గాడని అతని భుజాలు చూస్తే తెలిసింది. సూర్యావతి నా వంక చూసింది. నేనేం చెయ్యను?

ముత్యాలు ఇంకా నిచ్చెన పక్కనే నించుని తన పాదాల వంక చూస్తున్నాడు. వాటికి తను చెప్పకుండా ఎలా లేచాయో అడుగుతున్నట్టుంది అతని మొహం. తరవాత తలెత్తాడు. ముందు యాకోబు ఉన్న మూలకి చూశాడు. యాకోబు అతన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, ఎగతాళి లేదు. గునపం మీద సగం దిగిన కాయ అలాగే ఉంది.

"చెయ్యి" అన్నాడు ముత్యాలు.

"ఏ చెయ్యి?" అన్నాడు త్రిమూర్తులు.

"ఎడం చెయ్యి. కాళ్ళు లేచేటప్పటికి ఎడం చెయ్యి కొమ్మ మీద ఉంది. గట్టిగానే పట్టుకున్నాను. తరవాత జారింది." అతను ఆ చేతిని ముందుకి చాపి చూసుకున్నాడు. "చెట్టే పట్టుకుని ఉన్నాను. చెట్టు మీంచే పడ్డాను."

"గుర్తులేదన్నావు కదా బావా?"

"ఇప్పుడొచ్చింది."

"నిజంగా?"

"ఆయ్."

త్రిమూర్తులు రెండుసార్లు అడిగాడు. ముత్యాలు రెండుసార్లూ అదే చెప్పాడు. మూడోసారి అడగడానికి ఎవరికీ మనసు రాలేదు. కట్టుబాటు ప్రకారం ఇంక మాట్లాడ్డానికి ఏమీ లేదు. సూర్యావతి బయటికి వెళ్ళి డొక్కల కుప్ప మీద కూచుండిపోయి ఏడ్చింది. కోరుకున్నదే అయిందిగా, ఎందుకేడుస్తున్నావని అక్కడున్న ఒకావిడ అడిగితే, "నాకేం తెలుసండీ" అంది.

ఆ రోజు నుంచీ నేను ఆలోచిస్తూనే ఉన్నాను. అతనికి నిజంగా గుర్తొచ్చిందా? వాసం మీద చెయ్యి వేసినప్పుడు కొమ్మ జ్ఞాపకం చేతిలోకి వచ్చి ఉండొచ్చు. అలా వస్తుందని నా అరచేతులకి తెలుసు. లేక, యాకోబు మొహం చూశాక నాలుగడుగుల మాట గుర్తొచ్చి, గాలిని అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం ఇష్టం లేకపోయిందా? లేక, తను చెప్పకుండా లేచిన ఆ కాళ్ళని చూసి భయపడ్డాడా? నలభయ్యేళ్ళు తనవే అనుకున్న కాళ్ళు. భయమని చెప్పుకోలేక చెయ్యి చూపించాడా? మూడూ నిజమేననిపిస్తుంది. ఒక్కోరోజు మూడూ కావనిపిస్తుంది. మనుషుల లోపలి సంగతులు పుస్తకాల్లో ఎంత స్పష్టంగా రాస్తారో చూస్తే ఈమధ్య నాకు అనుమానంగా ఉంటోంది.

ఇప్పుడు ముత్యాలు త్రిమూర్తులు కొట్టులోనే కాయ ఒలుస్తాడు. యాకోబు పక్కన ఇంకో గునపం పాతారు. నేను మలికిపురం వెళ్ళినప్పుడల్లా కాసేపు ఆగుతాను. యాకోబు చేతిలో కాయ మూడు పోట్లకి ఒలిచి బయటికొస్తుంది. ముత్యాలుకి ఎనిమిదీ పదీ పడుతుంది. ఒక్కోసారి డొక్కతో పాటు టెంక కూడా పగిలి నీళ్ళు మోకాలి మీద కారతాయి.

"అది కాయ బావా, చెట్టు కాదు. కౌగిలించుకోకు. పొడు" అంటాడు యాకోబు.

"పొడుస్తున్నానురా."

"పొడిచినట్టు లేదు. బతిమాలుతున్నట్టుంది."

ఇద్దరూ నవ్వుతారు. మొదట్లో యాకోబు ఒక్కడే నవ్వేవాడు.

మొన్న వెళ్ళినప్పుడు యాకోబు టీకి వెళ్ళాడు. ముత్యాలు ఒక్కడే ఉన్నాడు. పక్క తోటలో దింపు జరుగుతోంది. కాయలు దబదబా పడుతున్నాయి. పడ్డప్పుడల్లా ముత్యాలు తలెత్తకుండా, "ముదురు", "లేత", "ఇది ఎలక కొట్టింది" అని పైకే అనుకుంటున్నాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"ముత్యాలూ, నిజం చెప్పు. ఆ రోజు నీకు గుర్తొచ్చిందా?"

అతను కాయని గునపం మీదికి ఎత్తి అలాగే ఆపాడు. చాలాసేపు ఆలోచించాడు. తప్పించుకోవడానికి కాదు, అది నేను చెప్పగలను. నిజంగానే వెతుక్కుంటున్నాడు.

"ఆ రోజు చెప్పేటప్పుడు గుర్తుందండి" అన్నాడు. "ఇంటికెళ్ళి పడుకున్నాక లేదు. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఉంది. ఇప్పుడు మీరడిగేరు కదండీ, ఇప్పుడు చూస్తే కొమ్మ ఉంది గానీ, దాన్ని పట్టుకున్న చెయ్యి నాదో కాదో తెలవట్లేదండి."

కాయని గునపం మీద పొడిచాడు. ఈసారి సూటిగానే దిగింది. డొక్క చీలుతుంటే అన్నాడు. "సూర్యావతి ఇప్పుడు మధ్యాన్నం అన్నం తింటోందండి. ముందు తినేది కాదట. మీకు తెలుసా అండీ ఆ సంగతి?"

తెలుసనాలో తెలియదనాలో నాకు తోచలేదు. బస్సు వచ్చిందని చెప్పి లేచాను. బస్సు ఇంకా రాలేదు.